సూపర్ టాపప్ ఉన్నవాళ్లు ఆసుపత్రి రేట్లు ఎప్పుడు ఆరా తీయాలి

ఆపరేషన్ విజయనగరంలోనే చేయించాలా, విశాఖ వెళ్లాలా అని తేల్చుకునే ముందు మీ టాపప్ (అదనపు ఆరోగ్య బీమా) పాలసీ కాగితంలో డిడక్టబుల్ ఎంతో చూడండి. బీమా డబ్బు రావడం మొదలయ్యే లోపు మీవైపు నుంచి ఖర్చు కావాల్సిన మొత్తం అది. అది ఏడాది మొత్తానికి లెక్కగడితే సూపర్ టాపప్, ఒక్కో క్లెయిముకీ విడిగా గడితే మామూలు టాపప్.

డిడక్టబుల్ 3 లక్షలున్న సూపర్ టాపప్ ఉందనుకోండి. గాల్ బ్లాడర్ రాళ్లకు ఒకచోట 70 వేలు, ఇంకోచోట లక్షా 10 వేలు చెప్పారు. ఆ పాలసీ ఏడాదిలో ఇదే మొదటి అడ్మిషనైతే 40 వేల తేడా మొత్తం మీ జేబుదే. నాలుగుచోట్ల అడగాల్సింది అప్పుడే. అదే, ముందే రెండున్నర లక్షలు అయిపోయి ఉంటే మిగిలింది 50 వేలు. కోపే (ప్రతి బిల్లులో మీరు కట్టాల్సిన వాటా) లేకపోతే ఎక్కడ చేరినా మీకు పడేది దాదాపు అంతే. ఇక రేటు వదిలేసి సర్జన్ అనుభవం, క్యాష్‌లెస్ (బీమా కంపెనీయే ఆసుపత్రికి నేరుగా కట్టడం) ఉందా లేదా చూసుకోండి. మామూలు టాపప్‌లో మాత్రం ముందటి రెండున్నర లక్షల బిల్లూ, ఈ ఆపరేషన్ బిల్లూ దేనికది 3 లక్షల లోపే, కాబట్టి పైసా రాదు.

ఊరికే "ఎంతవుతుంది?" అనకండి, ప్యాకేజీ అంకె ఒకటి చెప్పి పంపేస్తారు. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, గది అద్దె, ఎన్ని రోజులు, మందులూ పరీక్షలూ ప్యాకేజీలో ఉన్నాయా లేవా, అన్నీ కాగితం మీద రాయించుకోండి. మోకాలి మార్పిడికైతే ఇంప్లాంట్ బ్రాండు, మోడలు కూడా రాయించాలి. 2017 నుంచి వాటికి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది.

ఎక్కువమంది దెబ్బతినేది బిల్లుల దగ్గర. ఎలాగూ క్లెయిం రాదు కదా అని మొదటి అడ్మిషన్ కాగితాలు పారేస్తారు. రెండోసారి చేరినప్పుడు ఆ ఖర్చు రుజువు చేయలేక డిడక్టబుల్ మళ్లీ మొదటికొస్తుంది. వివరాల బిల్లు, రశీదులు, డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టులు దాచండి. ఆఫీసు పాలసీ కొంత కట్టి ఉంటే ఆ సెటిల్‌మెంట్ లెటరు కూడా. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి, మామూలు ఓపీ ఖర్చులు సాధారణంగా ఈ లెక్కలోకి రావు.

బియ్యం కార్డు ఉంటే వీటన్నిటికంటే ముందు ఎన్టీఆర్ వైద్య సేవలో ఆ చికిత్స ఉందేమో కనుక్కోండి. అందులో డిడక్టబుల్ గొడవే లేదు.

డిడక్టబుల్ చూసి వైద్యమే మానుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగులను ఎక్కువ డిడక్టబుల్ పాలసీకి మార్చితే ఖర్చు తగ్గిన మాట నిజమే. కానీ వాళ్లు చవకైన చోటు వెతుక్కోలేదు, అవసరమైన వైద్యం కూడా తగ్గించుకున్నారని 2017లో అచ్చయిన పరిశోధన తేల్చింది. బీపీ, షుగరు మందులు ఆపకండి. గుండెనొప్పి వస్తే రేట్లు అడుగుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.