1982 బోర్డో సీసాలు తెరిచే ముందు

ఒకే ఏడాది వైన్లు అరడజను వరసగా పెట్టుకుని పోల్చి చూద్దామనుకున్నప్పుడు అందరి ధ్యాసా గ్లాసుల మీదే ఉంటుంది. పని చెడేది మాత్రం అంతకు రెండు రోజుల ముందే. ఫ్రాన్స్‌లో వైన్‌కి పేరుపడ్డ బోర్డో సీమలో 1982 లాంటి ఏడాదైతే మరీ. ఆ ఏడు కోతల వేళకు ఎండలు బాగా కాసి ద్రాక్ష నిండుగా పండింది, అందుకే మంచి సీసాలు ఇంకా నిలబడి ఉన్నాయి. నిలబడి ఉన్నాయంటే మన మోటుతనాన్ని తట్టుకుంటాయని కాదు.

ముందు మడ్డి సంగతి. వగరునిచ్చే టానిన్లూ, రంగూ ఏళ్ల తరబడి ఒకదానికొకటి అంటుకుని సీసా అడుగున పేరుకుంటాయి. పడుకోబెట్టి ఉంచిన సీసాని కనీసం రెండు రోజుల ముందే నిలబెట్టాలి. దూరం నుంచి తెచ్చిందైతే వారం రోజులు కదపకండి. ఆ మడ్డి ఒకసారి కలిసిందంటే నోటికి ఇసకలా, చేదుగా తగులుతుంది. ఇక ఆ వైన్‌కి మార్కులేయడం దండగ.

నిలబెట్టినప్పుడే మట్టం చూసుకోండి. వైన్ మెడ అడుగుదాకా ఉంటే ఈ వయసుకి భేషైన సీసా. భుజం మధ్యకి దిగిపోయిందంటే గాలి ఎక్కువే చొరబడింది. దాన్ని పారేయక్కర్లేదు గానీ, దాన్ని బట్టి ఆ ద్రాక్షతోట మీద తీర్పు చెప్పొద్దు.

సీసా మూతి మీది రేకు తొడుగు ఆ రోజుల్లో చాలావరకు సీసం (లెడ్) అనే లోహంతో చేసిందే. దాన్ని బాగా కిందికి కోసి, కార్కు తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి తడిగుడ్డతో మూతి తుడవండి. తుడిచిన గుడ్డ మీద నల్లటి చార కనిపిస్తే, ఇంకెప్పుడూ ఈ పని మానరు.

కార్కు ఈ వయసుకి నానిన రొట్టెలా ఉంటుంది. కార్కు తీసే మామూలు మరతో లాగితే నడుమ తూట్లు పడుతుంది, సగం పైకొస్తుంది, సగం లోపలే ఉండిపోతుంది. రెండు పలచటి రేకులుండే పనిముట్టు మేలు. ఆ రేకుల్ని గాజుకీ కార్కుకీ మధ్య అటూ ఇటూ ఊపుతూ దించి, తిప్పుతూ పైకి తీయాలి. కార్కు వదులుగా ఉంటే మాత్రం ఇది దాన్ని లోపలికే నెట్టేస్తుంది, చూసుకోండి. ముక్కలు పడితే సబ్బు వాసన లేని పలచటి బట్టలో వడకట్టండి.

గాలి పట్టించే విషయంలో నేనొకసారి బాగా దెబ్బ తిన్నాను. అతిథులు వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయని మూడు గంటల ముందే అన్నీ డికాంటర్లలో, అంటే వెడల్పాటి గాజు కూజాల్లో, పోసి పెట్టాను. బోర్డోలోని పొయాక్ ఊరి నుంచి వచ్చిన, కాబెర్నే రకం ద్రాక్షతో చేసిన గట్టి సీసాలు ఓర్చుకున్నాయి. అక్కడిదే మరో ఊరు పొమెరోల్ నుంచి వచ్చిన సీసా ఒకటి, పోసేటప్పుడు గుమ్మని వాసన కొట్టింది కాస్తా, బల్ల మీదికి వచ్చేసరికి చప్పబడిపోయింది. ఇప్పుడైతే వడ్డించే ముందే, మెడ కింద దీపం పెట్టుకుని, ఆపకుండా ఒకే ధారగా వంపుతాను. మడ్డి పోగులా మెడలోకి రాగానే ఆపేస్తాను. అడుగున మిగిలిన రెండు గుక్కల మీద ఆశ పెట్టుకోకూడదు.

తెరవగానే ముక్కిపోయిన వాసన వస్తే కంగారు పడకండి. మూసి ఉన్న వాసనైతే పావుగంటలో ఎగిరిపోతుంది. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం కార్కు పట్టించిన జబ్బు, అది పోదు సరికదా ముదురుతుంది. అందుకే వీలైతే ప్రతి వైన్‌కీ రెండో సీసా దగ్గరుంచుకోండి. ఒకే పెట్టెలోని రెండు సీసాలు కూడా నలభై ఏళ్లకి అన్నదమ్ముల్లా వేరైపోతాయి.

గ్లాసులన్నీ ఒకే ఆకారంలో ఉండాలి. ఒక్కోదాంట్లో 50 మిల్లీలీటర్లు చాలు, వేడి 16-18 డిగ్రీల దగ్గర. మెర్లో రకం ద్రాక్ష ఎక్కువుండే, బోర్డోలో నదికి కుడి గట్టు వైన్లు ముందు, కాబెర్నే ఎక్కువుండే ఎడమ గట్టువి తర్వాత. అత్తర్లు వద్దు. ఉమ్మడానికి పాత్ర పెట్టండి. నాలుగో గ్లాసుకే నాలుక, తల రెండూ అలిసిపోతాయి. బండి నడపాల్సినవాళ్లు ఉమ్మినా సరే, తిరుగు ప్రయాణానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

సీసాలకి గుడ్డ చుట్టి అంకెలు వేయండి. అందరూ మార్కులు రాసి ముగించేదాకా ఆ గుడ్డ విప్పొద్దు. అన్నిటికంటే ఖరీదైన సీసా తెచ్చినాయన ఎంత తొందరపెట్టినా సరే.