హైస్కూల్ భవనం గీద్దాం - 4వ పాఠం: పడమటి ఎండ

పోయిన పాఠంలో 40 మంది పిల్లలకు 25 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గది గీశాం. సీబీఎస్‌ఈ అడిగే కనీసం 500 చదరపు అడుగులూ అందులో వచ్చేశాయి. ఇప్పుడు ఆ గదుల్ని వరసగా పేర్చి స్థలంలో కూర్చోబెట్టాలి. రోడ్డు ఎటుంటే భవనం మొహం అటు తిప్పేయడం మనకు అలవాటు.

నేనూ అదే చేశాను. విశాఖలో కొండ కింద ఒక స్కూలుకి, రోడ్డు పడమట ఉంది కదా అని, కిటికీలన్నీ అటే పెట్టించాను. రెండేళ్ల తర్వాత వెళ్తే గచ్చు మీద గీతలు కనిపించాయి, కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా. మధ్యాహ్నం మూడయ్యేసరికి పిల్లలు బెంచీలు ఈడ్చుకుపోయిన గీతలు. టీచరమ్మ నన్నేమీ అనలేదు. అద్దాలకు అంటించిన పాత క్యాలెండర్ అట్టలు మాత్రం చూపించింది.

ఆ తప్పు కాగితం మీదే ఎలా పట్టుకోవాలో చూద్దాం. ఒక ఏ4 కాగితం, స్కేలు, కోణమానిని చాలు.

ముందు దిక్కు. మన తీరం తిన్నగా ఉత్తర దక్షిణాలుగా లేదు, ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది. బీచ్ రోడ్డూ అంతే. సముద్రం ఉన్నవైపు తూర్పు అనుకుని నార్త్ పాయింట్ (ప్లాన్ మీద ఉత్తరం చూపే బాణం గుర్తు) వేసేయకండి, కంపాస్ పట్టుకుని స్థలానికి వెళ్లండి. ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం: దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గర్లో పోతుంది, మన విశాఖది 83.3. అందుకే ఇక్కడ గడియారంలో 12 అయితే, కొన్ని నిమిషాలు అటూఇటూగా, నిజంగానే నడినెత్తి వేళ.

కాగితాన్ని నిలువుగా పెట్టి, ఎడమ అంచున 12 సెంటీమీటర్ల నిలువు గీత గీయండి. 1:10 స్కేలులో అది సిల్ (కిటికీ కింది అంచు) నుంచి లింటెల్ (కిటికీ పైన అడ్డదూలం) దాకా 120 సెంటీమీటర్ల కిటికీ. గీత పై కొన నుంచి కుడికి అడ్డంగా ఒక గీత లాగండి, అది గోడ బయటికి చాచిన సన్‌షేడ్. కింది కొన దగ్గర కోణమానిని పెట్టి, సూర్యుడి ఎత్తెంతో (అడ్డగీత నుంచి పైకి, డిగ్రీల్లో) అంత కోణంలో పైకి ఏటవాలు గీత గీయండి. అది అడ్డగీతను తాకినచోటు దాకా షేడ్ ఉంటే ఎండ గదిలోకి రాదు.

దక్షిణం కిటికీకి మూడుసార్లు చేద్దాం. మార్చి 21 మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 72 డిగ్రీలు: షేడ్ 4 సెంటీమీటర్ల లోపే, అంటే నిజంలో 40 లోపు. డిసెంబరు 22న 49 డిగ్రీలు: ఒక మీటరు దాటుతుంది. మధ్యేమార్గంగా 60 సెంటీమీటర్లు వేస్తే, 63 డిగ్రీలకు పైన ఉన్న సూర్యుణ్ణి ఆపుతుంది. ఫిబ్రవరి నెలాఖరు నుంచి అక్టోబరు మధ్యదాకా మిట్టమధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. చలికాలంలో కాస్త వస్తే రానివ్వండి.

ఇక పడమర. మార్చి 21, సాయంత్రం నాలుగు. కోణం 29 డిగ్రీలు పెట్టి గీయండి. గీత కాగితం దాటిపోయింది కదూ? ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు, మనకు కావాల్సింది దాదాపు 22. రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్ల షేడ్ ఎవరు పోయిస్తారు? పోయించినా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి అంత రెక్క పెట్టడానికి నా చెయ్యి రాదు.

కాబట్టి పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు చూడాలి, కురచ గోడ పడమటికి. ఆ కొసన మెట్లు, స్టోర్ రూమ్ పెట్టండి. టాయిలెట్లు అక్కడ పెట్టకండి: వానాకాలం నైరుతి గాలి ఆ వాసనంతా గదులకే పంచుతుంది, వాటిని తూర్పు కొసకు తోయండి. మే రెండో వారంలో నడినెత్తికొచ్చే సూర్యుడు జులై నెలాఖరు దాకా మధ్యాహ్నాలు ఉత్తరానికి వాలి ఉంటాడు, అందుకని వరండా ఉత్తరాన. దక్షిణం కిటికీలు గాలికి. బోర్డు పడమటి గోడకు పెడితే దక్షిణపు వెలుతురు పిల్లల ఎడమ చేతివైపు నుంచి పడుతుంది, కుడిచేత్తో రాసేవాళ్లకు నోట్‌బుక్ మీద నీడ ఉండదు. ఎడమచేతి వాటం పిల్లలకు మాత్రం ఇది అన్యాయమే.

షేడ్ గురించి ఒక్క మాట. దాని ప్రధాన రాడ్లు పైభాగంలో ఉండాలి. పోత వేసేటప్పుడు కూలీలు తొక్కితే అవి కిందికి దిగిపోతాయి, మేస్త్రి పక్కనే నిలబడి చూడండి. ఉప్పుగాలి సంగతి సరేసరి: కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456, తీరప్రాంతపు బయటి కాంక్రీటుకు ఎం30 గ్రేడు బలం, 45 మిల్లీమీటర్ల కవర్ (రాడ్డు మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) అడుగుతుంది. ఆ మందం కోసం రాడ్ల కింద పెట్టడానికి అలవాటుగా తెచ్చే 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు వెనక్కి పంపేయండి.

ఇంటిపని: మీ వీధిలో ఏ స్కూలైనా చూసి, సాయంత్రం నాలుగింటికి ఎన్ని కిటికీల మీద ఎండ పడుతోందో లెక్కపెట్టండి. ఆ స్కూలునే మన పద్ధతిలో తిప్పి 1:200లో ప్లాన్ గీయండి. పడమటి కొసన మెట్లకు ఖాళీ వదలండి, 5వ పాఠంలో అవే ఎక్కుతాం.