స్పెషల్ నీడ్స్ (జబ్బో వైకల్యమో ఉండి ప్రత్యేకంగా చూసుకోవాల్సిన) కుక్కలు, పిల్లులకి అడాప్షన్ పోస్ట్ రాయడం: 3వ పాఠం, లేబుల్ కింద ఏం రాయాలి

పోయిన పాఠంలో ఫొటోలు, వీడియో అయిపోయాయి. మీరు పంపిన హోంవర్క్ చూశాను, ఫొటోలు బానే వచ్చాయి గానీ కింద మ్యాటర్ మాత్రం ఇంచుమించు అందరిదీ ఒకటే, "స్పెషల్ నీడ్స్ బేబీ, పెద్ద మనసున్నవాళ్ళు కావాలి, ప్లీజ్ షేర్". ఇది చూసి జనాలు ఏడుపు ఎమోజీ పెట్టి షేర్ కొడతారు, ఫోన్ మాత్రం ఒక్కళ్ళూ చెయ్యరు. చెయ్యరు మరి, ఇంటికి తెచ్చుకుంటే రోజూ ఏం చెయ్యాలో అందులో ఎక్కడుంది?

అమెరికాలో పెట్‌ఫైండర్ అని 1996 నుంచీ ఉన్న సైట్ ఉంది, షెల్టర్ల వాళ్ళు ఒక్కో జంతువుకీ ఫారం నింపుతారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా, టీకాలు పడ్డాయా, పిల్లలతో ఉంటుందా, ఇలా. అందులో స్పెషల్ నీడ్స్ అనేది ఒక టిక్కు, అంతే. చెవుడున్న కుక్కకీ అదే టిక్కు, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ కావాల్సిన పిల్లికీ అదే టిక్కు. అందుకే అక్కడ కూడా బాగా రాసేవాళ్ళు అసలు విషయమంతా కింద వివరణలో పెడతారు. మనకి ఇన్‌స్టా, వాట్సాప్ పోస్టర్లే కాబట్టి ఆ పని ఇంకా మనమీదే పడుతుంది.

ముందు అసలు ఈ స్పెషల్ నీడ్స్ అన్న లేబుల్ అవసరమా అని చూడండి. 2004లో అమెరికా షెల్టర్ల వాళ్ళు అసిలోమార్ అకార్డ్స్ అని ఒక పద్ధతి పెట్టుకున్నారు, అందులో జంతువులు నాలుగు రకాలు: ఆరోగ్యంగా ఉన్నవి, వైద్యంతో బాగయ్యేవి, పూర్తిగా బాగవ్వకపోయినా మేనేజ్ చెయ్యగలిగేవి, ఇక చెయ్యడానికేం లేనివి. అది వాళ్ళ లెక్కల కోసం, పోస్టుల కోసం కాదు, కానీ మధ్య రెండిటి తేడా మాత్రం మనం పట్టుకోవాలి. గజ్జితో బొచ్చంతా ఊడిపోయిన ఇండీ (మన వీధి జాతి) కుక్కపిల్ల చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, అయినా అది చాలావరకు ట్రీట్‌మెంట్‌తో తగ్గేదే, దానికి "ట్రీట్‌మెంట్ నడుస్తోంది, ఇంకా ఇన్ని వారాలు" అని రాయండి చాలు. వెనక కాలు తీసేసి గాయం మానిపోయిన కుక్కకి కూడా రోజూ చేసే సేవంటూ పెద్దగా ఏం ఉండదు, బరువు పెరగనివ్వకూడదు, మన ఇళ్ళల్లో టైల్స్ మీద జారుతుంది కాబట్టి తిరిగే చోట మ్యాట్లు వెయ్యాలి. ముందు కాలు పోతే మాత్రం కాస్త కష్టం ఎక్కువ, కుక్క బరువు ఎక్కువ భాగం ముందు కాళ్ళ మీదే ఉంటుంది కదా, కాబట్టి ఏ కాలో రాయండి.

ఇప్పుడు ఒక పోస్ట్ తిరగరాద్దాం. బండి గుద్ది నడుం పడిపోయిన కుక్క, మామూలుగా వచ్చే పోస్ట్ ఇది: "పాపం, యాక్సిడెంట్‌లో కాళ్ళు పోయాయి, వీల్‌ఛైర్ మీద హీరోలా తిరుగుతాడు". నేనైతే ఇలా రాస్తా:

"లడ్డు, మగ, సుమారు 3 ఏళ్ళు, వెనక కాళ్ళు పనిచెయ్యవు, మళ్ళీ వచ్చే అవకాశం లేదని డాక్టర్ చెప్పారు. యూరిన్ తనంతట పోయలేడు, రోజుకి 4 సార్లు పొట్ట నొక్కి తీయించాలి, మేం దగ్గరుండి నేర్పిస్తాం. వీల్‌ఛైర్ ఉంది, కాసేపు తిప్పి తీసెయ్యాలి, అందులో పడుకోలేడు. మిగతా టైంలో ఈడ్చుకుంటూ తిరుగుతాడు కాబట్టి పుండ్లు పడకుండా మెత్తటి పరుపు ఉండాలి. రోజంతా ఇల్లు తాళం వేసి వెళ్ళేవాళ్ళకి కుదరదు. పిల్లలతో బావుంటాడు, పిల్లి కనిపిస్తే ఆగడు."

జాలి మాట ఒక్కటీ లేదు చూడండి, అయినా చదివినవాళ్ళకి తమ వల్ల అవుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

"అక్కా, ఇవన్నీ రాస్తే ఎవరు తీసుకుంటారు" అని గ్రూపులో అడిగారు. తక్కువమందే వస్తారు, నిజమే. కానీ దాచిపెట్టి ఇస్తే ఆ కుక్క నాలుగు రోజులకి తిరిగొస్తుంది, లేదంటే ఎక్కడో రోడ్డు మీద తేలుతుంది, దానికంటే తక్కువమంది రావడమే నయం నా లెక్కలో.

డిస్టెంపర్ (కుక్కలకి వచ్చే ఒక వైరస్ జబ్బు) నుంచి బతికి బయటపడ్డ కుక్కల్లో కొన్నిటికి తలో కాలో అదురుతూనే ఉంటుంది, అది చూసి జనం అంటుకుంటుందేమో అని భయపడతారు. "పాత జబ్బు మిగిల్చిన అదురు, ఇప్పుడు అంటదు" అని రాయండి, అయితే ఆ మాట వెట్ (జంతువుల డాక్టర్) చెప్పాకే, ఎందుకంటే బయటికి బాగైనట్టు కనిపించినా కొన్ని వారాలు వైరస్ వదుల్తూనే ఉండొచ్చు.

పిల్లుల దగ్గర "వైరస్ పాజిటివ్" అని మాత్రం రాయకండి, ఏ వైరస్? ఎఫ్ఐవీ (పిల్లుల్లో రోగనిరోధక శక్తిని తగ్గించే వైరస్) ఎక్కువగా లోతుగా కరుచుకుంటేనే వస్తుంది, కొట్టుకోని పిల్లులుంటే కలిసి ఉంచొచ్చు. ఎఫ్ఈఎల్వీ (పిల్లుల ల్యుకేమియా వైరస్) ఒకదాన్నొకటి నాక్కున్నా, గిన్నెలు పంచుకున్నా అంటుతుంది, వేరే పిల్లులున్న ఇంటికి ఇవ్వాలంటే ముందు వెట్‌తో మాట్లాడాలి. రెండూ మనుషులకి రావు, ఈ ముక్క తప్పకుండా రాయాలి, మొదట వచ్చే ప్రశ్న అదే.

ఇక ఖర్చు. మందు ఉంటే ఏ మందు, ఎన్ని పూటలు, నెలకి ఎంతవుతోంది, మీ దగ్గరున్న బిల్లు చూసి వెయ్యండి, ఊహించి కాదు. ఫిట్స్ మందైతే డోసు మానకూడదు అని విడిగా రాయండి.

హోంవర్క్: మీ ఫోన్లో ఉన్న పాత పోస్ట్ ఒకటి తీసి, అందులో పాపం, బేబీ, హీరో కొట్టేసి, మిగిలినదాంట్లో రోజువారీ పని ఎంతుందో చూసి, లేనిది వెట్‌నో ఫోస్టర్‌నో (ఇల్లు దొరికేదాకా తమ దగ్గర ఉంచుకునేవాళ్ళు) అడిగి నింపి పంపండి. 4వ పాఠం ఫోన్లు వచ్చాక ఏం అడగాలి అన్నది.