ఫాస్టాగ్ గేటు దగ్గర ఆగకుండా ఉండాలంటే

టోల్ కట్టడానికి బండి అద్దానికి అతికించే ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. టోల్ గేటు పైన ఉన్న రీడర్ పంపే రేడియో తరంగాలతోనే అది పలుకుతుంది. అందుకే ఎక్కడ అతికించామన్నది ముఖ్యం. ముందు అద్దానికి లోపలివైపు, పైన మధ్యలో, రియర్ వ్యూ మిర్రర్ వెనకాల అతికించండి. అద్దాన్ని పొడిగుడ్డతో తుడిచి, వెనక కాగితం ఒలిచి, మధ్య నుంచి అంచులకు బొటనవేలితో నొక్కుతూ రండి. లోహపు పూత ఉన్న సన్‌ఫిల్మ్ మీద పెడితే సిగ్నల్ అందదు. ఒకసారి ఊడబీకితే లోపలి యాంటెన్నా తెగుతుంది, తర్వాత ఏ జిగురు పెట్టినా దండగే. అద్దం మార్పించినా కొత్త ట్యాగే తీసుకోవాలి. డ్యాష్‌బోర్డులో పడేసి గేటు దగ్గర చేత్తో చూపించే అలవాటు కొందరికి ఉంది. అలాంటి ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెట్టాలని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో ఆదేశించింది.

షోరూమ్‌లో ఇచ్చిన ట్యాగ్ ఛాసిస్ నంబరు మీద ఉంటుంది. బండి నంబరు రాగానే, బండి కొన్న 90 రోజుల్లోపు, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు ఆర్‌సీ పంపి మార్పించండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

రీఛార్జ్ మామూలే: యూపీఐ యాప్‌లో ట్యాగ్ ఇచ్చిన బ్యాంకును ఎంచుకుని, బండి నంబరు కొట్టి, పేరు సరిచూసుకుని కట్టండి. సంక్రాంతికి ఊరెళ్తూ, హైదరాబాద్-విజయవాడ దారిలోని పంతంగి టోల్ గేటు లైన్లో నిలబడి మాత్రం ఈ పని పెట్టుకోకండి. డబ్బు పడినా ట్యాగ్ స్థితి మారడానికి కొంత సమయం పట్టొచ్చు. ముందురోజు రాత్రే బ్యాలెన్సుతో పాటు ట్యాగ్ యాక్టివ్‌గా ఉందో లేదో చూసుకోండి. కేవైసీ (గుర్తింపు పత్రాల పరిశీలన) పెండింగ్‌లో ఉంటే బ్యాలెన్సు ఉన్నా గేటు లేవకపోవచ్చు. ట్యాగ్ చెల్లకపోతే యూపీఐతో మామూలు టోల్‌కు 1.25 రెట్లు, నగదైతే రెట్టింపు కట్టాలని 2025 నవంబరు 15న వచ్చిన నిబంధన చెప్పింది.

జాతీయ రహదారుల టోల్‌కు వార్షిక పాస్ 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైంది. సొంత కారు, జీపు, వ్యానులకే ఇస్తారు. రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో గానీ, జాతీయ రహదారుల సంస్థ వెబ్‌సైట్‌లో గానీ తీసుకోవాలి. 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. అయితే ఒక టోల్ ప్లాజా దాటితే ఒక ట్రిప్పు. విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు కలిపి వెళ్లిరావడానికి ఆరు. అంటే 33 సార్లు వెళ్లొచ్చేసరికి పాస్ దాదాపు ఖాళీ. ఏడాదికి రెండు పండగలకే ఊరెళ్లేవాళ్లకు ఇది గిట్టదు.

ఇంకో చిక్కు: ఈ పాస్ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) మీద చెల్లదు. అక్కడ ఎక్కిన చోటి నుంచి దిగిన చోటి వరకు దూరాన్ని బట్టి ట్యాగ్‌లోని డబ్బే కోస్తారు. కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి రాష్ట్రానిది కాబట్టి అక్కడి దుద్దెడ టోల్ ప్లాజాలోనూ పాస్ చెల్లదు. పాస్ ఉన్నా ట్యాగ్‌లో కొంత సొమ్ము ఉంచుకోండి.

ట్యాగ్ సరిగ్గా ఉండి, డబ్బూ ఉండి, జాతీయ రహదారి ప్లాజాలో రీడరే పాడైతే ఏమీ కట్టనక్కర్లేదు. 2018 నుంచీ ఉన్న నిబంధన ఇది. సున్నా రసీదు అడిగి తీసుకుని వెళ్లొచ్చు. సిబ్బంది ఒప్పుకోకపోతే అక్కడి నుంచే 1033కి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న బండికి టోల్ కోసినట్లు మెసేజ్ వస్తే, అందులోని ప్లాజా పేరు, సమయం చెప్పి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులోనే ఫిర్యాదు నమోదు చేయించండి.