నైట్‌ల కథలు చదవడం ఎలా? 4వ పాఠం: రెండడుగుల ఆలస్యం

‘రొమాన్స్’ అంటే మొదట్లో ప్రేమకథ కాదని, లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే ఫ్రెంచిలో రాసిన కథ అని చెప్పుకున్నాం కదా. అవి నైట్‌ల గురించి, అంటే గుర్రమెక్కి పోరాడే మధ్యయుగపు యూరప్ వీరుల గురించి, వేల పాదాల కథలు. మొత్తం ఒకేసారి మింగాలనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అందుకే ఈసారి ఒక్క బండి వెనకాలే నడుద్దాం.

1180 ప్రాంతంలో క్రెతియన్ ద త్రువా అనే ఫ్రెంచి కవి ఒక కావ్యం రాశాడు. కథావస్తువు తనకు షాంపేన్ దొరసాని మారీ ఇచ్చిందని మొదట్లోనే చెప్పాడు. అందులో ఆర్థర్ రాజు భార్య గ్వినివీర్ రాణిని మెలియగాంట్ అనే పొరుగు రాకుమారుడు ఎత్తుకుపోతాడు. వెతకబోయిన నైట్ గుర్రం చచ్చిపోతుంది. కాలినడకన పోతుంటే ఒక మరుగుజ్జు బండి తోలుకుంటూ కనిపిస్తాడు. ఎక్కితే రాణి కబురు రేపటికల్లా తెలుస్తుందంటాడు. చిక్కేమిటంటే అది దొంగల్నీ హంతకుల్నీ ఊరేగించే బండి. మన ఊళ్ళలో గాడిదెక్కించడం లాంటిదే అనుకోండి. పరువు వద్దంటుంది, ప్రేమ ఎక్కమంటుంది. రెండడుగులు వేసేంత సేపు తటపటాయించి ఎక్కేస్తాడు. వెనకే గుర్రం మీద వచ్చిన గవేన్ అనే ఇంకో నైట్ మాత్రం ససేమిరా అంటాడు.

తర్వాత ఆ నైట్ కత్తి అంచులాంటి వంతెన మీద చేతులూ కాళ్ళూ కోసుకుంటూ పాకి, రాణి కోసం పోరాడతాడు. ఆవిడ మాత్రం మొహం తిప్పుకుంటుంది. ఎందుకో చాలాసేపటికి గానీ చెప్పదు: ఆ రెండడుగులు ఆగినందుకట! ఇది ప్రేమకు పెద్దపీట వేయడమా, ప్రేమను వేళాకోళం చేయడమా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే క్రెతియన్ నవ్వు ఆపుకుంటూ రాసినట్టే ఉంటుంది. ఇంకో విశేషం, ఈ నైట్ పేరు లాన్సలట్ అని దాదాపు సగం కథ గడిచాక గానీ మనకు తెలియదు.

ఇప్పుడు ఇంగ్లండుకు రండి. ఆర్థర్ కథలను ఇంగ్లీషులో చెప్పిన మాలరీ పుస్తకాన్ని కాక్స్టన్ అనే అచ్చుపనివాడు 1485లో అచ్చువేశాడు. అందులోనూ బండి ఉంది, తటపటాయింపే లేదు. ఎక్కించుకోనన్న బండివాణ్ణి లాన్సలట్ ఒక్క దెబ్బతో చంపేస్తాడు. రెండోవాడు భయపడి ఎక్కించుకుంటాడు. ఉరికి పోతున్నవాడిలా ఉన్నాడని చెలికత్తె అంటే రాణి ఆమెనే మందలిస్తుంది. క్రెతియన్ రాణికీ ఈ రాణికీ ఎంత తేడా!

స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1605లో ఇంకో బండి తోలాడు. క్రెతియన్‌ను తలచుకునే రాశాడని నేననను, పక్కపక్కన పెట్టి చూడండి చాలు. నైట్‌ల కథలు చదివి చదివి తానూ నైట్‌నే అనుకున్న డాన్ కిహోటేను బోనులో పెట్టి ఎడ్లబండి ఎక్కిస్తారు. మంత్రం వేసి తీసుకెళ్ళే నైట్‌లను ఇంత నత్తనడకన తీసుకెళ్ళినట్టు తానెక్కడా చదవలేదే అని ఆయన అనుమానం! చివరికి ఆదివారం మిట్టమధ్యాహ్నం, జనమంతా చూస్తుండగా, గడ్డి మీద పడుకుని సొంతూరు చేరతాడు.

అభ్యాసం: మూడు బండ్ల గురించీ ఒక్కో పేజీ రాయండి. తోలేదెవరు, ఎక్కేవాడు ఎంతసేపు ఆగాడు, చూసినవాళ్ళు ఏమన్నారు? మూడో బండి దగ్గర ‘ఎక్కాడు’ అని రాస్తారో ‘ఎక్కించారు’ అని రాస్తారో చూసుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలు.