గోదావరి డెల్టాకు నాలుగు చిన్న రాడార్లు: ఎక్కడ, ఎంత ఎత్తున, ఎలా

మచిలీపట్నంలోని వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ నుంచి అమలాపురం తిన్నగా కొలిస్తే సుమారు 100 కి.మీ. అర డిగ్రీ కోణంలో బయల్దేరిన బీమ్ (రాడార్ పంపే రేడియో కిరణం) అక్కడికి చేరేసరికి నేలకు దాదాపు కిలోమీటరున్నర పైన ఉంటుంది, కాకినాడ మీద రెండున్నర కి.మీ. పైన. భూమి గుండ్రం కాబట్టి ఎంత పెద్ద యంత్రానికైనా ఇది తప్పదు. ఎత్తుగా పెరిగే తుపాను మేఘాలు దానికి బాగానే దొరుకుతాయి. దొరకనివల్లా కింద జరిగేవి: పొట్టి మేఘాల వాన, నేలకు దగ్గరి గాలి వేగం, మాసూళ్ల రోజుల్లో పనల మీద ఉన్నట్టుండి కురిసిపోయే జల్లు. ఆ ఖాళీ పూడాలంటే చిన్న రాడార్లను దగ్గర దగ్గరగా పెట్టాలి. అమెరికాలో ఓక్లహోమా నైరుతి భాగాన కాసా పరిశోధన కేంద్రం నాలుగు ఎక్స్ బ్యాండ్ (సుమారు 3 సెం.మీ. తరంగాలు వాడే) రాడార్లను సుమారు 30 కి.మీ. దూరాల్లో నిలిపి, ఒక్కొక్కటి 40 కి.మీ. వరకు చూసేలా నడిపింది. మన లెక్కలూ ఆ కొలతల మీదే.

డెల్టాకు పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం, తణుకు చక్కగా కుదురుతాయి. పక్కపక్క ఊళ్ల మధ్య దూరం 26 నుంచి 38 కి.మీ. ఈ నాలుగింటి మధ్య ఏ ఊరు తీసుకున్నా ఏదో ఒక రాడార్‌కు 25 కి.మీ. లోపే ఉంటుంది. 1.2 మీటర్ల డిష్ బీమ్ వెడల్పు సుమారు 1.8 డిగ్రీలు. అందుకే దాని నడిమి గీతను 1 డిగ్రీ కంటే కిందికి దించకండి, దించితే బీమ్ కింది భాగం తోటలకు తగులుతుంది. 1 డిగ్రీ దగ్గర బీమ్ ఎత్తు 20 కి.మీ.లో సుమారు 370 మీటర్లు, 30 కి.మీ.లో 580.

కొబ్బరి చెట్టు 20 నుంచి 25 మీటర్లు పెరుగుతుంది, కాబట్టి డిష్ 30 మీటర్ల ఎత్తున ఉండాలి. ఇవాళ్టి చెట్లను చూసి ఎత్తు తేల్చకండి, పక్క చేలో నాటిన పిల్ల మొక్కలను కూడా లెక్కలోకి తీసుకోండి. సన్నని సెల్ టవర్ గాలికి ఊగుతుంది, ఆ ఊపు గాలి వేగం లెక్కలో కలిసిపోతుంది. గట్టి కాంక్రీటు నీళ్ల ట్యాంకు నయం. కొత్తగా కట్టేటట్టయితే పైల్ పునాది వేయండి. నల్లరేగడి తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోతుంది, టవర్ మెల్లగా ఒరుగుతుంది. ఫ్రీక్వెన్సీకి టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (ఫ్రీక్వెన్సీలు కేటాయించే విభాగం) లైసెన్సు, టవర్ స్థలానికి శాక్ఫా (టవర్ల స్థలాలను పరిశీలించే కమిటీ) అనుమతి ముందే తీసుకోవాలి. ఓడల రాడార్లు కూడా ఈ బ్యాండులోనే పనిచేస్తాయి. రామచంద్రపురం తెర మీద కాకినాడ రేవు వైపు సన్నని గీతలు కనిపిస్తే ముందు వాటినే అనుమానించండి.

ఇక అసలు చిక్కు. తరంగం 3.2 సెం.మీ. పొడవే కాబట్టి చిన్న డిష్‌తో పని జరుగుతుంది, కానీ అంత పొట్టి తరంగాన్ని వాన మింగేస్తుంది. గంటకు 60–70 మి.మీ. కురిసే వానలోంచి 10 కి.మీ. వెళ్లి తిరిగొచ్చేసరికి 25 డెసిబెళ్లకు పైగా పోతుంది. అంటే మూడువందల వంతుల్లో ఒక వంతు కూడా మిగలదు. తెర మీద ఆ వాన వెనక విసనకర్ర ఆకారంలో నీడ పడుతుంది. ఆ నీడను పొడి చోటుగా చదవడాన్ని మించిన ప్రమాదకరమైన పొరపాటు ఈ పనిలో లేదు, ఎందుకంటే మనం హెచ్చరించాల్సిన ఊరు చాలాసార్లు ఆ నీడలోనే ఉంటుంది.

అందుకే డ్యూయల్ పోలరైజేషన్ (అడ్డంగా, నిలువుగా కంపించే రెండు రకాల తరంగాలనూ వాడడం) లేని రాడార్ కొనకండి. పెద్ద చినుకు పడేటప్పుడు అడ్డంగా చదునవుతుంది కాబట్టి అడ్డ తరంగం నిలువు తరంగం కంటే కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటును, అంటే ఫేజ్ తేడాను, కిలోమీటరుకు ఎన్ని డిగ్రీలో కొలిస్తే అదే కేడీపీ. శక్తి తగ్గినంత మాత్రాన ఇది మారదు. ఒక్కో డిగ్రీకి ఒకవైపు ప్రయాణంలో 0.25–0.3 డెసిబెల్ నష్టమని లెక్కగట్టి సరిచేయండి. వాన తీవ్రతకు ఓక్లహోమాలో వాడిన సూత్రం: కేడీపీని 0.79 ఘాతానికి పెంచి 18.15తో గుణించడం. 5 డిగ్రీలకు గంటకు సుమారు 65 మి.మీ. వస్తుంది. తుంపర్లలో కేడీపీ నిలకడగా ఉండదు, అక్కడ ప్రతిధ్వని బలాన్నే నమ్మాలి. సంకేతం పూర్తిగా చచ్చిపోయిన చోట ఏ సూత్రమూ దాన్ని బతికించదు. ఆ గడిలో సున్నా వేయకండి, ‘సమాచారం లేదు’ అని గుర్తు పెట్టి, అవతలి వైపు నుంచి చూసే రాడార్ విలువ తీసుకోండి. నాలుగింటి చిత్రాలను కలిపేటప్పుడు సగటు తీయడం కూడా తప్పే, నీడలోని తక్కువ విలువ నిజమైన విలువను కిందికి లాగేస్తుంది. దారిలో తక్కువ నష్టపోయిన రాడార్‌కే పెద్దపీట వేయాలి.

గాలి వేగానికి సెకనుకు 2000 పల్స్‌లు పంపితే సెకనుకు 16 మీటర్ల వేగం వరకే తికమక లేకుండా తెలుస్తుంది, తుపానుకు అది చాలదు. 2000, 1600 మార్చి మార్చి పంపితే హద్దు 64 మీటర్లకు పెరుగుతుంది. గాలి దిశ కూడా తేలాలంటే రెండు రాడార్ల చూపులు 30 నుంచి 150 డిగ్రీల కోణంలో కలుసుకోవాలి. రెండింటినీ కలిపే గీత మీద ఇది కుదరదు, అక్కడ మూడోది చూడాలి. నాలుగు గడియారాలూ జీపీఎస్‌తో నడవాలి, ఒక చుట్టు నిమిషంలో పూర్తవ్వాలి.

1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలనూ పడగొట్టింది. ఏసీతో కలిపి లోడు 1 కిలోవాట్ అనుకుంటే మూడు రోజులకు 72 యూనిట్లు కావాలి, బ్యాటరీలు ఒక్కటే సరిపోవు. యూనిట్‌కు అర లీటరు చొప్పున 40 లీటర్ల డీజిల్ నిల్వ ఉంచండి. జనరేటర్‌ను వరద మట్టానికి పైన, దిమ్మె మీద పెట్టండి. ఫైబర్ తెగితే పనికొచ్చేలా రెండో దారిగా మైక్రోవేవ్ లింకు ఉండాలి.

ఉప్పు గాలికి రేడోమ్ (డిష్‌ను కప్పే తొడుగు) మీది నీరు జారే పూత పాడవుతుంది. అప్పుడు వాన నీరు పొరలా నిలిచి అన్ని వైపులా ఒకేసారి కొన్ని డెసిబెళ్లు తగ్గిస్తుంది. రాడార్ నెత్తిన వాన పడుతున్నప్పుడు తెర అంతా పాలిపోతే కారణం ఇదే. ఏటా సెప్టెంబరులో, ఈశాన్య రుతుపవనాలకు ముందే, కడిగి పూత వేయించండి. డిష్ గురిని నెలకోసారి సూర్యుడితో సరిచూడండి: లెక్క ప్రకారం సూర్యుడు ఉండాల్సిన చోటికీ, రాడార్‌కు సూర్యుడి రేడియో సంకేతం గట్టిగా అందిన చోటికీ తేడా 0.2 డిగ్రీలు దాటితే టవర్ ఒరిగిందేమో చూడండి. ఒక్కో రాడార్ కింద కనీసం మూడు వానమాపకాలు కావాలి. వాటిని కొబ్బరి తోటలో కాకుండా ఖాళీ కళ్లంలోనో బడి ఆవరణలోనో పెట్టండి. చెట్టు దగ్గరున్న మాపకం ఆకు అడ్డొస్తే తక్కువ, ఆకు మీంచి కారితే ఎక్కువ చూపిస్తుంది.