బేర్‌బో విల్లు కొనేముందు ఇవి చూసుకోండి

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో పిల్లలకు విల్లు కొనాలనుకుంటే, ముందు ఏ రకమో తేల్చుకోండి. 2025లో ప్రపంచ యూత్ చాంపియన్ అయిన మన పెద్దపల్లి జిల్లా ఆర్చర్ చికిత వేసేది కాంపౌండ్, అంటే చివర్లలో చక్రాలుండే విల్లు. ఆ సామాను వేరు, ఖర్చూ ఎక్కువే. బేర్‌బో అంటే అదనపు సామాను లేని విల్లు. దానికి సైట్ (గురి చూసే పరికరం), స్టెబిలైజర్ (విల్లు ఊగకుండా బిగించే కడ్డీ) అక్కర్లేదు. చాలా పైసలు అక్కడే మిగులుతాయి.

అసలు జాగ్రత్త పౌండ్ల దగ్గర, అంటే తాడు లాగడానికి పట్టే బలం దగ్గర. లింబ్స్ (విల్లు పైన, కింద వంగే రెక్కలు) మీద రాసే పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటివి. లాగేది అంగుళం తగ్గితే సుమారు 2 పౌండ్లు తగ్గుతుంది. కొత్తవాళ్లకు 18 నుంచి 24 చాలు. "ఎట్లాగూ పెరుగుతాడు కదా" అని 36 కొనిపెట్టకండి, భుజం పాడవుతుంది. రైజర్ అంటే చేత్తో పట్టుకునే నడిమి భాగం. అది ఐఎల్‌ఎఫ్ (లింబ్స్ బిగించే ఒక ప్రామాణిక అమరిక) అయితే తర్వాత లింబ్స్ ఒక్కటే మార్చుకోవచ్చు. అందుకే నేనైతే మంచి రైజర్‌కే డబ్బు పెట్టమంటాను.

పోటీల ఆలోచన ఉంటే, తాడు విప్పిన విల్లు, రైజర్‌కు బిగించిన బరువుబిళ్లలతో సహా, 12.2 సెంటీమీటర్ల రింగులోంచి దూరాలి.

పాత లింబ్స్ దొరికితే తాడు ఎక్కించి చూడండి. మెలిక ఉన్నా, అంచున చీలిక ఉన్నా వద్దు.

బాణాలు విల్లు కొన్నాకే, లాగే పొడవు కొలిచాకే. చవకని దొరికినవి తెస్తే గట్టితనం కుదరదు, పక్కకు పోతాయి. కార్బన్ బాణాన్ని వేసే ముందు ప్రతిసారీ కాస్త వంచి చూడండి. చిటచిట వినిపిస్తే పక్కన పడేయండి.

ఫింగర్ ట్యాబ్ (వేళ్లకు తోలు రక్షణ), ఆర్మ్‌గార్డ్ (ముంజేతికి రక్షణ), స్ట్రింగర్ (విల్లుకు తాడు ఎక్కించే సాధనం) మొదటిరోజే ఉండాలి. బాణం లేకుండా తాడు లాగి వదలొద్దు. మే ఎండలో కారులో విల్లు ఉంచొద్దు, లింబ్స్ పొరలు ఊడిపోవచ్చు.